అరెథా ఫ్రాంక్లిన్ పాటలు వినడం ఎలా మొదలుపెట్టాలి

అమెరికన్ గాయని అరెథాను కొత్తగా వింటున్నవాళ్లు హిట్ల ప్లేలిస్ట్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు ‘రెస్పెక్ట్’ పాటను ఓటిస్ రెడ్డింగ్ గొంతులో వినండి. 1965లో ఆయనే రాసి పాడాడు. వెంటనే 1967 నాటి అరెథా రికార్డు పెట్టండి. అక్కడ ఇంటికొచ్చిన మగాడు మర్యాద అడుగుతున్నాడు, ఇక్కడ ఆడమనిషి అడుగుతోంది. ‘రెస్పెక్ట్’ అనే మాటను ఒక్కో అక్షరం విడదీసి పలికే చోటు ఓటిస్ పాటలో అసలు లేదు. వెనక కోరస్‌లో అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్. పియానో కూడా అరెథాదే! రెండోసారి ఆ పియానో కోసమే వినండి.

ఇప్పుడు వెనక్కి, 1960లో చేరిన కొలంబియా రికార్డు కంపెనీ రోజులకు వెళ్లండి. రెండు మూడు పాటలు చాలు. గొంతు అద్భుతం, కానీ ఎవరో పట్టి ఆపినట్టుంటుంది. అట్లాంటిక్ అనే ఇంకో రికార్డు కంపెనీకి మారాక నిర్మాత జెర్రీ వెక్స్లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు. నా దృష్టిలో అసలు కెరీర్ అక్కడే మొదలైంది.

చివరగా 1972లో వచ్చిన చర్చి పాటల ఆల్బమ్ ‘అమేజింగ్ గ్రేస్’. లాస్ ఏంజెలెస్ చర్చిలో జనం మధ్య రికార్డు చేశారు. ఆమె తండ్రి డెట్రాయిట్‌లో పాస్టర్, చిన్నప్పుడు ఆయన చర్చిలోనే పాడేది. అందుకే ఇక్కడ ఆమె గొంతులో ఏ టెన్షనూ ఉండదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, జనం కేకలు కూడా పాటలో భాగమే. దయచేసి దీన్ని మాత్రం షఫుల్‌లో వినకండి.