నవల రాయడం నేర్చుకుందాం – 7వ పాఠం: మెడ తిరగని యాదయ్య

పోయిన పాఠంలో పాత్రకు ఊరు, వయసు, పని పెట్టుకున్నాం. ఈసారి ఆ మనిషికి శారీరక వైకల్యం ఉంటే ఎలా రాయాలో చూద్దాం. మన యాదయ్యది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఓ ఊరు. యాభై దాటాయి, సైకిల్ షాపు ఉంది, ఫ్లోరోసిస్ ఉంది – నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు.

"పాపం, వంగిన నడుముతో యాదయ్య..." అని మొదలుపెట్టారా? కొట్టేయండి. అది చదివితే జాలి పుడుతుంది గానీ యాదయ్య కనపడడు. "పట్టుదలతో అన్నీ జయించాడు" అనేదీ అంతే. నాకైతే ఈ రెండోదే ఎక్కువ చిరాకు.

ఒళ్లు ఏం చేయనిస్తుందో, ఏం చేయనివ్వదో అది పట్టుకోండి. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నడుము కూడా వంగితే మొహాల కంటే ముందు కాళ్లు కనిపిస్తాయి. ఇలా రాసి చూద్దాం:

"అన్నా!"

యాదయ్య పాన కింద పెట్టి, గోడ పట్టుకుని, పాదాలు జరుపుకుంటూ తిరిగాడు. నీలం చెప్పులు. మడమల దాకా తడి ఎర్రమట్టి.

"బోరు కాడికెల్లి వస్తున్నవా తమ్మీ? నన్నడగకుంటనే మోటరు దించినవా?"

జబ్బు పేరు ఎత్తలేదు, అయినా ఒళ్లు తెలిసింది. తమ్ముడు నోరు విప్పకముందే యాదయ్య వాణ్ని పట్టేశాడు. గొడవ ఉమ్మడి బోరు గురించి; నవల దాని వెంటే నడవాలి, మందుల చీటీ వెంట కాదు.

కాలం లెక్క మాత్రం తప్పొద్దు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు బాగా మించిన బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగితేనే ఎముకలు ఇలా అవుతాయి. చిన్నప్పటి నుంచీ అవే నీళ్లయితే పళ్ల మీద గోధుమరంగు చారలు కూడా ఉండొచ్చు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లు తర్వాత ఇంటికొచ్చినా వంగిన నడుము నిటారు కాదు. కథ ఇప్పటిదైతే యాదయ్య పక్కన అతని మనవణ్ణి నిలబెట్టండి, తేడా దానంతటదే తెలుస్తుంది.

డబ్బు సంగతీ అంతే. తెలంగాణ ప్రభుత్వ ఆసరా పింఛను 2014 చివర్లో మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు, 2023లో 4,016 అయింది. అది రావాలంటే, క్యాంపులో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతమన్నా పడాలి. ఆ క్యాంపులో లైను ఒక్కటే ఓ అధ్యాయానికి సరిపోతుంది.

అభ్యాసం: బోరు మీద పంచాయితీ. పెద్దమనుషులు వచ్చేలోపే యాదయ్య తను ఎక్కడ కూర్చోవాలో ఎంచుకున్నాడు. ఎందుకు అక్కడే? రెండు వందల మాటల్లో రాయండి. ఏడుపు వద్దు, జబ్బు పేరు వద్దు. యాదయ్య ఒక్క అబద్ధమన్నా ఆడాలి, అదీ తన లాభం కోసం.