బంతి పెంపకం – 3వ పాఠం: వాలిపోయిన నారు, తుంచాల్సిన తల

పోయిన పాఠంలో నారు పోయమన్నాను. పోశారు, ఐదారు రోజుల్లో మొలిచింది కూడా. వారం తిరిగేసరికి సగం మొక్కలు మొదలు దగ్గర సన్నబడి, తడిసిన దారంలా వాలిపోయాయని చాలామంది చెప్పారు. అది నారుకుళ్ళు. తప్పు కొంత నాదే. తడి ఆరనివ్వొద్దని రాశాను గానీ, ఎంత తడో రాయలేదు.

వాలినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. అవి ఇక లేవవు. ట్రేని గాలి తగిలే చోట పెట్టి, పైమట్టి ఆరేదాకా నీళ్లు ఆపండి. మళ్ళీ నారు పోసేవాళ్ళు పాత మట్టి వాడొద్దు. విత్తనాలు పలచగా చల్లి, పైన పలచటి పొర మట్టి కప్పితే చాలు.

నన్ను బాగా బాధపెట్టే మాట ఒకటుంది: "రోజూ పొద్దున్నే చెంబుడు పోస్తున్నానండీ." ఆషాఢంలో ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే ఆ చెంబుడు నీళ్లూ ఎక్కడికి పోతాయి? వేలిని గోరు మునిగేదాకా మట్టిలో గుచ్చండి. మట్టి అంటుకుంటే ఆ పూట నీళ్లు వద్దు, పొడిగా రాలితే పోయండి. కుండీ ఎత్తినా తెలుస్తుంది, ఎండినది తేలిగ్గా ఉంటుంది. మధ్యాహ్నం ఆకు వాలిందని టెన్షన్ పడి పోసేయకండి. సాయంత్రానికి దానంతటదే లేస్తే అది ఎండకు వాలింది. లేవలేదు, మట్టి చూస్తే తడిగానే ఉంది అంటే వేరు కుళ్ళుతున్నట్టే. పొద్దున కోడలు, సాయంత్రం అత్తగారు పోసే ఇళ్లలోనే నారు ఎక్కువ పోయింది. ఆ పని ఒక్కరికే అప్పగించండి.

నాలుగైదు ఆకులొచ్చిన నారును సాయంత్రం పూట, అడుగు దూరంలో నాటండి. నేనైతే ఒక అంగుళం లోతుగానే నాటుతాను, మట్టిలోకి వెళ్లిన కాండానికీ వేళ్ళొస్తాయి. యూరియా వద్దు, ఆకులే పెరుగుతాయి.

ముద్దబంతికి తొలి మొగ్గ కనబడగానే, దాని కింది రెండాకులతో సహా గిల్లేయండి. మనసొప్పదు, తెలుసు. కానీ పక్కకొమ్మలు వచ్చేది అప్పుడే. పూత మాత్రం పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది. అందుకే బతుకమ్మకు పూలు కావాలనుకునేవాళ్ళు దసరా నెలరోజుల్లో ఉందనగా తుంచొద్దు. పొట్టి రెక్కబంతిని నేను అసలు తుంచను, అది తనే గుబురుగా పెరుగుతుంది.

అభ్యాసం: ఆరు ముద్దబంతి మొక్కల్లో మూడింటికి తల తుంచండి, మూడింటిని వదిలేయండి. ఒక్కో మొక్క ఏ రోజు పూసింది, ఎన్ని పూసింది, దసరా దాకా నోట్‌బుక్‌లో రాయండి. రెండు పూటలా వేలితో చూసిన తడి కూడా రాయాలి, నీళ్లు పోయని రోజు సహా.