కేబుల్ తీయించి ఓటీటీకి మారడం ఎలా? ముందు టీవీ దగ్గర నెట్ చూసుకోండి

కేబుల్ తీయించేసి, వారం తిరక్కుండా మళ్లీ పెట్టించుకునేవాళ్లు చాలామంది. "ఓటీటీలో చక్రం తిరుగుతూనే ఉంటుంది" అంటారు. తప్పు ఓటీటీది కాదు, వరస తప్పింది. ముందు నెట్, తర్వాత యాప్‌లు, అన్నిటికన్నా చివర కేబుల్. కనీసం ఒక నెల రెండూ నడవాలి.

సామాను పెద్దగా ఏమీ లేదు. స్మార్ట్ టీవీ ఉంటే చాలు. పాత టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే, అందులో గుచ్చితే ఓటీటీ యాప్‌లు ఆడించే ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొనండి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, అది చాలకపోతే మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. దానితో వచ్చిన అడాప్టరే వాడండి.

అసలు పని ఇక్కడుంది. ప్లాన్ 100 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) అని కాగితం మీద ఉంటే టీవీకి 100 అందుతున్నట్టు కాదు. హెచ్‌డీకి 5, 4కేకి 25 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. కానీ అది టీవీ దగ్గర, రాత్రి 8 నుంచి 10 మధ్య రావాలి. మధ్యాహ్నం రూటర్ పక్కన ఫోన్ పట్టుకుని చేసే స్పీడ్ టెస్ట్ దేనికీ పనికిరాదు. టీవీలోనే బ్రౌజర్ తెరిచి, వరసగా మూడు రాత్రులు చూడండి.

తక్కువ వస్తే వెంటనే ప్లాన్ పెంచకండి. ముందు ఒక లాన్ వైరుతో, అంటే నెట్ వైరుతో, రూటర్‌ని టీవీకి కలిపి మళ్లీ చూడండి. వైరుతో బాగా వచ్చి వైఫైతో రాకపోతే లోపం ఇంట్లోనే ఉంది. వైరుతోనూ రాత్రి పడిపోతుంటే లోపం నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరుంది. ఈ తేడా తేల్చకుండా డబ్బు పెట్టడమంటే రోగం తెలియకుండా మందు మింగడమే.

ఇళ్లలో వైఫై ఎక్కువగా రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది, కానీ అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల రూటర్లన్నీ అందులోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. చాలా రూటర్లలో దీని పేరు చివర 5జీ అని కనిపిస్తుంది, ఫోన్ 5జీకి దానికీ సంబంధం లేదు. రూటర్, టీవీ ఒకే గదిలో ఉంటే 5 వాడండి. మధ్యలో రెండు గోడలుంటే వైఫై మీద ఆశ వదిలేసి క్యాట్ 6 రకం లాన్ వైరు లాగండి. టీవీల లాన్ పోర్టు ఎక్కువగా 100 ఎంబీపీఎస్‌దే అయినా 4కేకి అది ధారాళం. వైఫైని అందుకుని ముందుకు పంపే చవక రిపీటర్ మాత్రం వద్దు. అందుకున్న రేడియోతోనే మళ్లీ పంపాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. రూటర్‌ని ఇనుప బీరువా వెనక, షోకేసు లోపల పెట్టడం మానేస్తే కొన్ని ఇళ్లలో ఇంత అవసరమే రాదు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో రూటర్ ప్లగ్గు కూడా ఆ లైన్లోనే ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు టీవీ వెలుగుతుంది, బొమ్మ రాదు.

ఇక యాప్‌లు. ఇంట్లో ఎవరు ఏం చూస్తారో కాగితం మీద రాయండి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. తెలుగు వార్తా చానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగానే లైవ్ వస్తాయి. రోజూ చూసే ఒక్కదానికే ఏడాది చందా కట్టండి, మిగతావి నెలకొకటి మార్చుకోండి. మొబైల్ ప్లాన్ టీవీలో ఆడదు, రీఛార్జితో వచ్చే చందాల్లో కొన్నిటికి ఇదే మెలిక. వద్దనుకున్న యాప్‌ని టీవీలోంచి తీసేస్తే చందా ఆగదు, యూపీఐలో కట్టేవాళ్లయితే అందులో ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, రద్దు చేయాలి.

పెద్దవాళ్లకి రిమోట్ అలవాటు చేయడానికే ఆ నెల గడువు. వాళ్ల సీరియల్ యాప్‌ని తెర మీద మొదటి వరసలో పెట్టండి, మిగతావి వెనక్కి జరపండి. నాన్నగారు ఎవరినీ పిలవకుండా వార్తలు పెట్టుకోగలిగిన రోజు కేబుల్ ఆపరేటర్‌కి చెప్పండి. నెట్ కూడా ఆయనదే అయితే, కేబుల్ తీసేశాక నెట్ బిల్లు ఎంతవుతుందో ముందే అడగండి. సెట్‌టాప్ బాక్స్, రిమోట్, అడాప్టర్ తిరిగిచ్చి, డిపాజిట్ కట్టి ఉంటే అది తీసుకుని, బాక్స్ నంబరు రాసిన రసీదు అడిగి తెచ్చుకోండి.