వర్చువల్ మెషీన్‌లో జాబిక్స్: పేజీ రాకపోతే, పరికరాలు కనపడకపోతే

నెట్‌వర్క్ పరికరాలను కనిపెట్టుకుని ఉండే జాబిక్స్, ఉబుంటు వర్చువల్ మెషీన్ (వీఎం)లో ఇన్‌స్టాల్ అయింది, కానీ పనిచేయడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది వీఎం తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. తప్పు చాలావరకు జాబిక్స్‌లో ఉండదు, వీఎంను నెట్‌వర్క్‌కి కలిపిన తీరులో ఉంటుంది.

సమస్య: వీఎంలో ఇంటర్నెట్ వస్తోంది, లాప్‌టాప్ బ్రౌజర్‌లో జాబిక్స్ పేజీ మాత్రం రావడం లేదు.

కారణం: వీఎం ఐపీ చూడండి. 10.0.2.15 అని ఉంటే దొరికినట్టే. వర్చువల్‌బాక్స్ కొత్త వీఎంకు ఎన్ఏటీ మోడ్ ఇస్తుంది. అందులో వీఎం బయటికి వెళ్లగలదు, బయట నుంచి ఎవరూ లోపలికి రాలేరు.

పరిష్కారం: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఎంచుకుని వీఎంను రీబూట్ చేయండి. ఇకపై మీ రూటరే దానికి ఐపీ ఇస్తుంది. ఎన్ఏటీలోనే ఉంచి, వెబ్ పేజీ వచ్చే పోర్ట్ 80 ఒక్కటి వీఎంకు ఫార్వర్డ్ చేసినా పేజీ తెరుచుకుంటుంది కదా అనుకోవచ్చు. కానీ స్విచ్‌లు తమంతట తాము యూడీపీ పోర్ట్ 162కి పంపే హెచ్చరికలు (ట్రాప్‌లు), యాక్టివ్ ఏజెంట్లు (మెషీన్లలో ఉండి జాబిక్స్‌కు డేటా పంపే చిన్న ప్రోగ్రామ్‌లు) పోర్ట్ 10051కి పంపే డేటా అప్పుడూ లోపలికి చేరవు. పది పరికరాలను కనిపెట్టుకుని ఉండాల్సిన వీఎంకు బ్రిడ్జే సరైనదని నా గట్టి అభిప్రాయం. వైఫై మీద బ్రిడ్జ్ మొండికేస్తే లాన్ కేబుల్ పెట్టి చూడండి.

సమస్య: లాగిన్ అయ్యాక, జాబిక్స్ సర్వర్ నడవడం లేదన్న హెచ్చరిక.

సర్వర్ కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ రాయడం మరిచిపోతే ఇదే జరుగుతుంది. సర్వర్ లాగ్ చివరి వరుసల్లో ఆ సంగతి ఉంటుంది. పాస్‌వర్డ్ సరిచేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటే ర్యామ్ చూడండి. అది చాలక ఉబుంటు కెర్నలే (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) డేటాబేస్‌ను ఆపేసి ఉండొచ్చు.

సమస్య: ఇంకో ఉబుంటు మెషీన్‌ను ఎస్ఎన్ఎంపీతో (పరికరాల సమాచారం అడిగి తెలుసుకునే నెట్‌వర్క్ పద్ధతి) కలిపితే టైమ్ అవుట్.

కారణం: పింగ్ వెళ్తుంది కాబట్టి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ఉబుంటులో ఎస్ఎన్ఎంపీ సర్వీస్ మొదట 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, అంటే తన మెషీన్ నుంచి వచ్చిన ప్రశ్నకే జవాబిస్తుంది.

పరిష్కారం: దాని కాన్ఫిగ్‌లో ఏజెంట్ అడ్రస్ వరుసలో ఆ మెషీన్ అసలు ఐపీ కూడా చేర్చండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 161ని జాబిక్స్ వీఎం ఐపీకి మాత్రమే తెరవండి, అందరికీ వద్దు. తర్వాత ఎస్ఎన్ఎంపీవాక్‌ను (ఎస్ఎన్ఎంపీ ప్రశ్న పంపి జవాబు చూసే కమాండ్) జాబిక్స్ వీఎం నుంచే నడపండి. అక్కడ జవాబు వచ్చాకే జాబిక్స్ సెట్టింగ్స్ ముట్టుకోండి.