రైలు టికెట్ మనమే తీసుకుందాం – 4: తత్కాల్ తేదీ లెక్క

పోయిన పాఠం చదివి, ఖమ్మంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి తత్కాల్ (ఆఖర్లో ప్రయాణం తేలినవాళ్ల కోటా) ప్రయత్నించినవాళ్లంతా ఒకటే మాట: "సరిగ్గా పదింటికే తెరిచాం, అప్పటికే వెయిటింగ్ లిస్టు!" నెట్ స్లో అన్నారు, ఏజెంట్లు ఎగరేసుకుపోయారన్నారు. మొదటి అరగంట ఏజెంట్లకు తత్కాల్ బుకింగే ఉండదు. అసలు సంగతి, మీరు ఒక రోజు ఆలస్యంగా తెరిచారు.

కాబట్టి ఈ వారం చెప్పాల్సిన ఆర్‌ఏసీ (పూర్తి బెర్తు బదులు ఇద్దరికి ఒక బెర్తులో కూర్చునే చోటిచ్చే టికెట్) పాఠం వాయిదా. లాగిన్, ఆధార్ ఓటీపీ, మాస్టర్ లిస్టు (ప్రయాణికుల పేర్లు ముందే సైట్‌లో దాచుకోవడం) మీకు వచ్చేసినట్టే లెక్క.

తత్కాల్ ఒక రోజు ముందు తెరుస్తారు. ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కి 11. అయితే ఆ ఒక రోజు మీరు ఎక్కే తేదీకి ముందు కాదు, రైలు మొదటి స్టేషన్లో బయల్దేరే తేదీకి ముందు. గోదావరి 15న సాయంత్రం విశాఖలో బయల్దేరి, అర్ధరాత్రి దాటాక ఖమ్మం వస్తుంది. అంటే మీరు ఎక్కేది 16న. తత్కాల్ తెరిచేది 14న. మీరేమో 15న కూర్చున్నారు.

టైమ్ టేబుల్లో ప్రతి స్టేషన్ పక్కనా డే 1, డే 2 అని ఉంటుంది. నేను చేసేది ఒక్కటే: ఎక్కే తేదీలోంచి ఆ అంకె తీసేస్తాను. ఖమ్మం డే 2, 16లోంచి 2 పోతే 14. రాజమండ్రి డే 1, 15లోంచి 1 పోతే అదే 14. కోల్‌కతా దగ్గరి షాలిమార్ నుంచి వచ్చే కోరమాండల్‌కి విజయవాడ డే 2, అక్కడా ఇదే లెక్క. మామూలు బుకింగ్‌కి 2024 నవంబరు నుంచి ఉన్న 60 రోజుల ముందస్తు గడువు కూడా మొదటి స్టేషన్ నుంచే లెక్క.

ఇంకో మాట, ఇది నాకు ఒళ్లు మండే విషయం. "15 రాత్రి భోంచేసి ఖమ్మంలో ఎక్కుతాం" అనుకుని 15 అని నొక్కేస్తారు. ఆ టికెట్ 14న విశాఖలో బయల్దేరిన బండిది. మీరు స్టేషన్‌కి వెళ్లేసరికి అది వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్‌కి డబ్బులు వెనక్కి రావు. పన్నెండు దాటితే తేదీ మారినట్టే. మీ నిద్రతో రైల్వేకి పని లేదు.

కౌంటర్ రోజుల్లో ఫారం మీద తేదీ తేడాగా ఉంటే గుమాస్తా విసుక్కుంటూనైనా అడిగేవాడు. 2002లో ఐఆర్‌సీటీసీ (రైల్వే టికెట్ల సైట్) ఆన్‌లైన్ బుకింగ్ మొదలైనప్పుడు టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది. 2005లో ఈ-టికెట్‌తో ఆ ఎదురుచూపూ తప్పింది. గుమాస్తా చూసే లెక్క మాత్రం మన నెత్తిన పడింది.

అభ్యాసం: గోదావరి టైమ్ టేబుల్ తీయండి. మార్చి 1న ఎక్కేవాళ్లకు, ప్రతి స్టేషన్‌కీ స్లీపర్ తత్కాల్ ఏ తేదీన తెరుస్తారో కాగితం మీద రాయండి. లీపు సంవత్సరానికి విడిగా. తర్వాత ఉత్తరాది నుంచి వచ్చే రైళ్లలో మీ ఊరు డే 3గా ఉన్నది ఒకటి వెతికి, దానికీ ఇలాగే చేయండి.