ప్రోటీన్‌ను చేత్తో తిప్పి చూడండి

తార్నాకలో మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లలకు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ అయిన హిమోగ్లోబిన్ బొమ్మ ఎన్నిసార్లు గీసి చూపినా తలకెక్కేది కాదు. కాగితం మీది బొమ్మకు లోతు ఉండదు కదా! ప్రోటియోపీడియా అనే వెబ్‌సైట్ తెరిచాక ఆ కష్టం తీరింది. ప్రోటీన్ల ఆకారాలను మూడు కొలతల్లో చూపే ఈ విజ్ఞాన సర్వస్వాన్ని పరిశోధకులు, అధ్యాపకులు కలిసి రాస్తున్నారు. చూడటానికి డబ్బు కట్టనక్కరలేదు.

వ్యాసంలో ఆకుపచ్చ రంగులో ఉన్న మాటలను వదలకండి. ఒక్కొక్కటి నొక్కుతుంటే పక్కనున్న బొమ్మ ఆ వాక్యం చెబుతున్న భాగం వైపు తిరుగుతుంది. తర్వాత మౌస్‌తో మీరే తిప్పుకోవచ్చు, దగ్గరకు తెచ్చుకోవచ్చు.

పాఠ్యపుస్తకంలో బొమ్మ కింద అంకెతో మొదలయ్యే నాలుగక్షరాల సంకేతం కనిపిస్తే దాన్నే అక్కడ వెతకండి, అది ఆ ప్రోటీన్ ఆకారానికి ఇచ్చిన గుర్తు. ఉదాహరణకు 4హెచ్‌హెచ్‌బి అంటే ఆక్సిజన్ లేని మామూలు హిమోగ్లోబిన్, 2హెచ్‌బిఎస్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధిలోది. సంకేతాన్ని మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. రెండింటినీ పక్కపక్కన తెరిచి బీటా గొలుసు అనే అమైనో ఆమ్లాల వరుసలో ఆరో స్థానం చూడండి. సికిల్ సెల్ దాంట్లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ అనే మరొకటి ఉంటుంది. ఆ వాలిన్ పక్క అణువులోని గుంటలో ఇమిడిపోతుంది, అలా అణువులు ఒకదానికొకటి అతుక్కుని దారాల్లాంటి పొడవాటి పోగులవుతాయి. మా పిల్లలు దాన్ని కళ్ళారా చూసిన రోజు నేను మళ్ళీ వివరించాల్సిన పని పడలేదు. ఫోను తెర దీనికి చాలదు, కంప్యూటర్‌లోనే చూడండి.