ల్యాప్‌టాప్ ఎంచుకుందాం – 5వ పాఠం: తెర మెరవాలా, వద్దా?

పోయిన పాఠంలో నిట్స్ లెక్క చూశాం, అంటే తెర వెలుగును కొలిచే కొలత. మీ ల్యాప్‌టాప్ తెర వెలుగు ఎన్ని నిట్సో వెతికి రాసుకోమని ఇంటిపని కూడా ఇచ్చాను. ఆ అంకెను దగ్గర పెట్టుకోండి, ఈ రోజు దానితో పని ఉంది. దొరకనివాళ్లు 300 అనుకుని ముందుకు రండి. మామూలు ల్యాప్‌టాప్‌లు చాలావరకు 250కీ 400కీ మధ్యే ఉంటాయి.

ఈసారి విషయం తెర పైపొర. నున్నగా అద్దంలా మెరిసేది గ్లాసీ. మెరుపు లేకుండా, కంటికి కనపడనంత సన్నటి గరుకుతో ఉండేది మ్యాట్. గ్లాసీ అనగానే గాజు అనుకునేవాళ్లున్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం మెరుపే. ప్లాస్టిక్ పొర ఉన్న తెర గ్లాసీ కావచ్చు, గాజు తెర మ్యాట్ కావచ్చు.

ఎవరిని అడిగినా రెండు ముక్కలు చెప్తారు: గ్లాసీలో రంగులు బాగుంటాయి, మ్యాట్ కళ్లకు హాయి. రెండూ సగం నిజాలే. మిగతా సగం మీరు కూర్చునే గదిలో ఉంటుంది. అందుకే ఈ పాఠంలో తెరకంటే ముందు గదిని చదవడం నేర్చుకుందాం.

పడిన వెలుగు ఎక్కడికి పోతుంది

గాజు మీద ఎదురుగా పడ్డ వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి తిరిగొస్తుంది. ప్లాస్టిక్ పొరకైనా ఇంచుమించు అంతే. మ్యాట్ చేసినంత మాత్రాన ఈ 4 శాతం పెద్దగా తగ్గదు. చాలామంది పొరపడేది ఇక్కడే. మ్యాట్ తెర వెలుగును మింగెయ్యదు, చెదరగొడుతుంది.

కదలని చెరువులో చందమామ గుండ్రంగా, స్పష్టంగా కనిపిస్తాడు. గాలి వీచి అలలు లేస్తే అదే వెన్నెల నీళ్ల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. చందమామ ఆకారం పోతుంది గానీ వెలుగు అంతే ఉంటుంది. గ్లాసీ తెర నిలకడ నీరు, మ్యాట్ తెర అలల నీరు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మీ వెనకాల కిటికీ ఉంది. అందులో కనపడే పగటి ఆకాశం 5000 నిట్స్ అనుకోండి. అందులో 4 శాతమంటే 200 నిట్స్. మీ తెర 300 నిట్స్. గ్లాసీ తెరలో కిటికీ కనపడే చోట నల్లటి అక్షరం మీద కూడా 200 నిట్స్ వెలుగు వచ్చి కూర్చుంటుంది, ఇక అక్కడ చదవడం అయ్యే పని కాదు. అదే వెలుగును మ్యాట్ తెర పదింతల చోటుకు పరిచిందనుకుంటే, ఒక్కో చోట పడేది 20 నిట్సే. తెర కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది గానీ అక్షరాలు కనపడతాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గ్లాసీలో కనపడే కిటికీ తెర మీద ఉన్నట్టు ఉండదు. తెరకు ఎంత ముందు ఉందో, అద్దంలోలాగే అంత లోపల ఉన్నట్టు ఉంటుంది. కన్ను ఒకసారి అక్షరం మీద, ఒకసారి ఆ దూరపు బొమ్మ మీద నిలుస్తూ ఊగిసలాడుతుంది. మ్యాట్ హాయిగా ఉందని చాలామంది అనడానికి ఇదో కారణం. అక్కడ కన్ను పట్టుకోవడానికి బొమ్మంటూ ఉండదు.

మరి గ్లాసీ ఎక్కడ గెలుస్తుంది?

ఇది కొంచెం నెమ్మదిగా చదవండి, పాఠం మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే.

కిటికీ వెనకాల లేదనుకుందాం. మీ వెనక ముదురు రంగు కర్టెన్ ఉంది, దీపం పైకప్పుకు ఉంది. గ్లాసీ తెర అద్దం లాంటిది కాబట్టి దీపం వెలుగును ఒకే దిక్కుకు పంపిస్తుంది. ఆ దిక్కున మీ కళ్లు లేకపోతే మీకేమీ కనపడదు. మీకు కనపడేది తెరకు ఎదురుగా ఉన్న ముదురు కర్టెన్, అంటే దాదాపు ఏమీ లేనట్టే. నలుపు నల్లగానే ఉంటుంది.

అదే గదిలో మ్యాట్ తెర దీపం వెలుగును అన్ని వైపులా విరజిమ్ముతుంది. అందులో కొంత మీ కళ్లకూ చేరుతుంది. ఒక 2 నిట్స్ అనుకోండి. ఏముందిలే అనిపిస్తుంది. కానీ 300 నిట్స్ తెరలో నలుపు 0.3 నిట్స్ ఉంటే తెలుపు దానికి 1000 రెట్లు. రెండింటికీ చెరో 2 కలిపి చూడండి: 302ను 2.3తో భాగిస్తే 131. వెయ్యి రెట్ల తేడా 131కి పడిపోయింది. నలుపు బూడిద రంగయింది, ముదురు రంగులు పాలిపోయాయి. "గ్లాసీలో రంగులు బాగుంటాయి" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు మీ వెనక కర్టెన్ తీసేసి పెద్ద తెల్లగోడ పెట్టండి. గోడ 100 నిట్స్ వెలుగుతో కనిపిస్తే అందులో 4 శాతం, అంటే 4 నిట్స్, గ్లాసీ తెర అంతటా పరుచుకుంటుంది. మ్యాట్‌లోనూ దాదాపు అంతే, ఎందుకంటే ఒకే రంగు గోడను ఎంత చెదరగొట్టినా గోడే. 304ను 4.3తో భాగిస్తే 70 చిల్లర. గ్లాసీ గొప్ప అక్కడితో సరి. తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నా చిన్న మోతాదులో ఇదే జరుగుతుంది. రంగుల పని చేసేవాళ్లు కొందరు ముదురు బట్టలు వేసుకోవడం ఇందుకే.

దీపాలన్నీ ఆర్పేసిన చీకటి గదిలో ఈ గొడవే లేదు. వెనక్కి తిరిగి రావడానికి వెలుగుంటే కదా. తెర వెలుగు పడి గ్లాసీలో మీ ముఖం లీలగా కనిపించవచ్చు, అంతే.

నా మొదటి గ్లాసీ ల్యాప్‌టాప్ షాపులో నల్లటి గోడకు ఎదురుగా పెట్టి ఉంది. అందులో తిరుగుతున్న పూల వీడియో చూసి మురిసిపోయి కొనేశాను. ఇంట్లో నా బల్ల కిటికీకి వీపు పెట్టి ఉండేది. నెలరోజులు నా తలకాయ నీడలో పడ్డ అక్షరాలు మాత్రమే చదువుకుంటూ గడిపి, చివరికి బల్లనే తిప్పేశాను. తప్పు తెరది కాదు, గదిని చూడకుండా కొన్న నాది.

అభ్యాసం 1: ఆపేసిన ఫోన్‌తో గది చదవడం

ఫోన్ తెర ఆపేస్తే అది చిన్న గ్లాసీ తెరే. మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోండి. ల్యాప్‌టాప్ తెర ఉండే చోట, అదే వాలులో ఫోన్ పట్టుకుని కొంచెం పైకీ కిందికీ, అటూ ఇటూ జరపండి. అందులో ఏం కనపడుతోంది? కిటికీయా, ట్యూబ్‌లైటా, గోడా, ఒట్టి నలుపా? పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపాలు వేశాక మూడుసార్లు చూసి రాసుకోండి. ఒక్కసారి చూసి వదిలెయ్యకండి. సాయంత్రం ఎండ ఏ గోడ మీద పడి ఎగిరొస్తుందో మధ్యాహ్నం తెలీదు.

కిటికీగానీ వెలుగుతున్న దీపంగానీ కనపడి, బల్ల తిప్పడం కుదరకపోతే మ్యాట్ తీసుకోండి. మూడుసార్లూ నలుపే కనపడితే గ్లాసీకి భయపడక్కర్లేదు. రోజుకో చోట కూర్చుని పనిచేసేవాళ్లకు ఈ అభ్యాసం అక్కరకు రాదు. వాళ్లు మ్యాట్ వైపే మొగ్గడం నయం.

నేరుగా ఎండలో కూర్చుని పనిచేస్తామంటే మాత్రం రెండూ చతికిలపడతాయి. అక్కడ గ్లాసీని వంచి, తిప్పి ఎలాగో నెట్టుకురావచ్చు గానీ ఎండ మీద పడ్డ మ్యాట్ తెర మొత్తం తెల్లబడిపోతుంది. ఆ పనికి కావలసింది ఎక్కువ నిట్స్, లేదా నీడ.

యాంటీ గ్లేర్, యాంటీ రిఫ్లెక్షన్ ఒకటి కాదు

వివరాల పట్టికల్లో ఈ రెండు మాటలనూ కలిపేస్తుంటారు. సాధారణంగా యాంటీ గ్లేర్ అంటే చెదరగొట్టే గరుకు పొర, మ్యాట్ అన్నమాట. యాంటీ రిఫ్లెక్షన్ అంటే తిరిగొచ్చే వెలుగునే తగ్గించే పల్చటి పూత. మొదటిది సర్దుబాటు, రెండోది అసలు మందు.

ఆ పూత పనితీరు ముచ్చటగా ఉంటుంది. దాని మందం వెలుగు తరంగంలో నాలుగో వంతు. పూత పైనుంచి తిరిగొచ్చే తరంగమూ అడుగు నుంచి తిరిగొచ్చే తరంగమూ ఎదురుబొదురుగా కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఆకుపచ్చ వెలుగుకు సుమారు 100 నానోమీటర్లు ఉంటే చాలు. 1935లో జర్మనీలోని కార్ల్ జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా దీన్ని కెమెరా, దుర్భిణి కటకాల కోసం తయారుచేశాడు. ఒక్క పొరతోనే గాజు మీది 4 శాతం ఒకటిన్నర శాతం లోపుకు దిగుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది పరిచయమే, అద్దాల మీద లేత ఆకుపచ్చగానో ఊదాగానో మెరిసేది ఇలాంటి పూతే.

గరుకును ఇంకా సన్నగా గాజులోనే చెక్కే పద్ధతీ వచ్చింది. యాపిల్ 2019లో ఒక ఖరీదైన మానిటర్‌కు నానో టెక్స్చర్ పేరుతో ఇచ్చి, 2024లో మ్యాక్‌బుక్ ప్రోకూ అదనపు ఎంపికగా పెట్టింది. అలాంటి తెరను ఏ గుడ్డ పడితే ఆ గుడ్డతో తుడవకూడదు, కంపెనీ ఇచ్చిన గుడ్డే వాడాలి.

అభ్యాసం 2: షాపులో అయిదు నిమిషాలు

ముందు తెర ఆపించి ఫోన్ టార్చ్ వేసి, తెరలో కనపడే వెలుగు చుక్కను చూడండి. చుక్క చుక్కలాగే తెల్లగా మెరిస్తే ఒట్టి గ్లాసీ. చుక్క మసకగా, ఊదాగానో ఆకుపచ్చగానో ఉంటే పూత ఉన్నట్టు. చుక్క చుట్టూ పొగలా వెలుగు అలుముకుంటే మ్యాట్. ఆ పొగ ఎంత పెద్దదైతే మ్యాట్ అంత గట్టిది.

మ్యాట్ అయితే తర్వాత తెర మొత్తం తెల్లగా ఉండే ఖాళీ పేజీ తెరిపించండి. తెలుపులో ఇసుక చల్లినట్టు రంగురంగుల రవ్వలు మినుకుమంటున్నాయా? గరుకు పొరలోని బుడిపెలు ఒక్కొక్కటీ చిన్న భూతద్దంలా పనిచేసి పిక్సెళ్ల (తెర మీది బొమ్మను కట్టే చిన్న చుక్కల) రంగులను విడదీసి చూపిస్తాయి. కొందరికి అస్సలు పట్టదు. పట్టినవాళ్లకు రోజంతా అదే కనపడుతుంది. మీరు ఏ రకమో కొనేముందే తేల్చుకోవాలి.

టచ్ తెర, ఓఎల్ఈడీ తెర (ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలిగేది) కావాలంటే ఎక్కువగా గ్లాసీనే దొరుకుతుంది. టచ్ అయితే వేలిముద్రలు కూడా దాంతోపాటే వస్తాయి. మ్యాట్ ఫిల్మ్ అతికించుకుంటే చాలదా అంటే, కిటికీ బాధ తగ్గుతుంది గానీ పదును పోతుంది, రవ్వలు మొదలవుతాయి. మ్యాట్ తెరను గ్లాసీగా మార్చే దారి మాత్రం లేదనే అనుకోండి. పూతలున్న తెరను అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్‌తో తుడవకండి.

ఇంటిపని

ఒకరి బల్ల ఇలా ఉంది: ఎడమ చేతివైపు కిటికీ, వెనక ముదురు నీలం గోడ, తలమీద ట్యూబ్‌లైట్. పగలు లెక్కల పట్టికలు, రాత్రి దీపాలార్పి సినిమాలు. ముందు రెండు ల్యాప్‌టాప్‌లున్నాయి: 250 నిట్స్ మ్యాట్ ఒకటి, పూతలేని 400 నిట్స్ గ్లాసీ ఒకటి. ఏది తీసుకోమంటారు? కిటికీ ఎడమవైపు నుంచి వెనక్కి మారితే మీ జవాబు మారుతుందా? ఫోన్‌తో మీ గదిలోనే ఆ బల్లను ఊహించి చూసి, కారణంతో సహా రాసుకోండి. 6వ పాఠం ఈ జవాబుతోనే మొదలుపెట్టి రంగుల లెక్కలోకి వెళ్తాం.